కళ్ళు మూసుకుని, వేళ్ళతో

నాజరెత్, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 6

మార్లిస్ వదినకు,

నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. నేను కెమెరా కొందామనుకుంటున్నాను. నీళ్ళలోకి తీసుకెళ్ళేది.

నవ్వడం అయిందా? అయితే చదువు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. ఫోన్లో అడిగితే "కొనెయ్యవే, కొన్నాక భయపడు" అని పెట్టేస్తావు. నాకు కాగితం మీద కావాలి. పదిసార్లు చదువుకోవాలి. నా సంగతి నీకు తెలియనిదా? ఇరవై ఏళ్ళు నువ్వూ గ్లెన్ అన్నయ్యా ఇక్కడి పాత రాళ్ళ క్వారీలో నిండిన నీళ్ళలో దిగి ఆడుకుంటుంటే, గట్టు మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని మీ బుడగలు లెక్కపెట్టిన దాన్ని. మీరు ఫ్లోరిడా వెళ్ళిపోయాక, నలభై తొమ్మిదో ఏట నేనే దిగడం నేర్చుకుంటే ఊరంతా నవ్వింది. స్కూలు బస్సు నడిపేదానికి ఇదేం పిచ్చి అన్నారు. మూడేళ్ళయింది, అరవైసార్లు దిగాను. ఇప్పటికీ దిగిన ప్రతిసారీ గాలి ఎంతుందో మూడేసిసార్లు చూసుకుంటాను.

ఆగస్టు చివర్లో గోలియత్ చేపలు గుంపు కట్టేటప్పుడు రమ్మన్నావు. టికెట్టు తీసేశాను. ఫ్రిజ్జంత చేప, తొంభై అడుగుల లోతు! నా జోడీగా నువ్వే దిగుతానని మాటిచ్చావు. నువ్వు పక్కన లేకపోతే ఆ లోతుకి నేను దిగను, ముందే చెబుతున్నా. కానీ దిగినందుకు ఒక ఫోటో అయినా ఉండాలి కదా? లేకపోతే ఇక్కడ ఎవరు నమ్ముతారు?

షాపులో ఒకతను ఎండ్రకాయలా రెండు చేతులు చాచిన యంత్రం చూపించాడు. నాకది వద్దు. పిడికిట్లో పట్టేది కావాలి. ఏది కొనాలి? నీళ్ళు లోపలికి పోతే ఏం చెయ్యాలి? ఇక్కడి చన్నీళ్ళకి నేను వేసుకునే చేతి తొడుగులు పొయ్యిలోంచి పళ్ళెం తీసే తొడుగులంత లావుంటాయి, వాటితో మీటలు నొక్కగలనా? అన్నీ విడివిడిగా రాయి. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు,
ఫ్రీడా


రివేరా బీచ్, ఫ్లోరిడా
ఏప్రిల్ 17

ఒసే భయాల పుట్టా,

మీ అన్నయ్య టగ్గు పడవ మీద ఓడలు లాగుతున్నాడు, రెండు వారాల దాకా రాడు. నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకుని నవ్వాను. కాఫీ ఒలికింది.

సరే, విను. ముందు కెమెరా చూడకు. ముందు డబ్బా చూడు. కెమెరాని లోపల పెట్టి బిగించే ప్లాస్టిక్ డబ్బా ఉంటుందే, అది. అందరూ చేసే తప్పు ఇదే. ముచ్చటపడి కెమెరా కొనేస్తారు, దానికి సరిపోయే డబ్బా ఎవడూ తయారు చెయ్యలేదని తరవాత ఏడుస్తారు. నీకు నచ్చిన డబ్బా దొరికాక, అందులో పట్టే కెమెరా కొనుక్కో. తొడుగులేసుకునే షాపుకెళ్ళు. కౌంటరు దగ్గర నిలబడి ప్రతి మీటా నొక్కి చూడు. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ.

చిన్నదే కొను. రెండు చేతులూ కావలసిన కెమెరా పట్టుకుంటే నీ గాలి ఎంత మిగిలిందో ఎవరు చూస్తారు? పట్టీ మణికట్టుకే వేసుకో, మెడకి కాదు. దాని ఫ్లాషు తిన్నగా వాడితే నీళ్ళలోని నలుసులన్నీ వెలిగి ఫోటో నిండా మంచు పడుతుంది. ఫ్లాషు మీద తెల్లటి మూతలాంటిది తగిలించుకో. లోతుకెళ్ళేకొద్దీ నీళ్ళు ఎరుపుని మింగేస్తాయి, అందుకే నీ ఫోటోలన్నీ నీలంగా వస్తాయి. కంగారు పడి షాపువాడి మీదకి వెళ్ళకు.

ఇక అసలు సంగతి. డబ్బా అంచు చుట్టూ రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. నీకూ సముద్రానికీ మధ్య ఉన్నది అదొక్కటే. దిగే ప్రతిసారీ దాన్ని తీసి, కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా ఒక చుట్టు లాగు. వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ చిన్న గాటు గానీ ఉంటే వేలికి తగులుతుంది. కళ్ళు బద్ధకిస్తాయి ఫ్రీడా, వేళ్ళు బద్ధకించవు. గ్రీజు మెరిసేంత చాలు, కూరలో నూనెలా పొయ్యకు. మొదటిసారి కెమెరా పెట్టకుండా, లోపల టిష్యూ కాగితం మడిచి పెట్టి దించు. కాగితం పొడిగా వస్తే అప్పుడు కెమెరా.

నన్ను చూసి భయపడకు గానీ, నా కెమెరా పోయిన నెల మునిగింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. పడవ మీద ఎవరో తొందరపెట్టారు.

నీ వదిన,
మార్లిస్

తా.క. తొడుగులతో నొక్కే పెద్ద మీటల డబ్బా దొరికితే పేరు రాసి పంపు. నేనూ చూస్తాను.


నాజరెత్
మే 5

వదినా,

కొన్నాను! డబ్బా ముందు, కెమెరా తరవాత. షాపులో తొడుగులేసుకుని గంటసేపు మీటలు నొక్కాను. కౌంటరు అమ్మాయి "మేడమ్, బయట ఎండగానే ఉందండీ" అంది. పెద్ద మీటలే ఉన్నాయి, డబ్బా పసుపు రంగుది. పేరు, బొమ్మ ఈ ఉత్తరంతో పెట్టాను.

కానీ నీకెందుకది? మీ దగ్గర నీళ్ళు వెచ్చనే కదా. ఇక్కడి చన్నీళ్ళలో కూడా నువ్వు తొడుగు వేసుకోగా నేనెన్నడూ చూడలేదు.

టిష్యూ పరీక్ష చేశాను. పొడిగా వచ్చింది. ఒకసారి చాలన్నావు గానీ నాలుగుసార్లు చేశాను. నవ్వకు. ఐదోసారి కెమెరా పెట్టి దిగాను. నలభై అడుగుల దగ్గర ఆ మునిగిన స్కూలు బస్సు ఉంది కదా, దాని కిటికీల్లోంచి చేపలు దూరుతుంటే తీశాను. ఆ బస్సుని చూస్తే నా ప్రాణం ఎప్పుడూ విలవిల్లాడుతుంది. చివరి సీటు దాకా ఎవరైనా చూశారా లేదా అనిపిస్తుంది. దిగేవాళ్ళు చూడటానికని ఖాళీ బస్సే ముంచారని తెలుసు, అయినా.

ఫోటోలు ఆరు ముద్రించి పంపుతున్నాను. ఉన్నదున్నట్టు చెప్పు.

మునిగిన నీ కెమెరా ఏమైంది? బాగయిందా?

ఫ్రీడా


రివేరా బీచ్
మే 20

ఫ్రీడమ్మా,

ఫోటోలు అందాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, అందుకని నిన్నేమీ అనను. మొదటిది చేపా, నీ బొటనవేలా? మూడోదాంట్లో బస్సు ఉందని వెనక నువ్వు రాస్తే తెలిసింది. ఐదోది మాత్రం బాగుంది, నిజంగా. కిటికీలోంచి ఆ చేప నీ వైపే చూస్తోంది.

తప్పేమిటంటే, దూరం. దగ్గరికెళ్ళు. ఇంక చాలు, మరీ దగ్గరయిపోయాను అనిపించాక, ఉన్న దూరంలో ఇంకో సగం వెళ్ళు. చేపకీ నీకూ మధ్య ఎంత తక్కువ నీళ్ళుంటే అంత మంచి ఫోటో. అయితే వెంటపడకు. అదే వస్తుంది, ఆగు. ముఖ్యంగా పైకి పోయే చేప వెంట కెమెరా పట్టుకుని పోకు. ఈ ఒక్క ముక్కా నీ బస్సు అద్దం మీద అంటించుకో.

కెమెరా బాగవలేదు. కొత్తది తీసుకున్నాను, అదీ మొన్న వంతెన కింద మునిగింది. అక్కడ లోతెంత, పదిహేను అడుగులు! పిల్లలు ఈతకొట్టే లోతు. వేలెడంత సముద్రపు గుర్రం ఫోటో తీద్దామని డబ్బు కట్టి నాతో దిగిన ఇద్దరు అతిథుల ముందు నా డబ్బా అక్వేరియం అయి కూర్చుంది. ఈ మధ్య రింగులు కూడా నాసిరకంగా చేస్తున్నారు. మళ్ళీ కొన్నాను.

నా అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమిటని అడుగుతావేమో. కొత్త పెన్ను. పాతది ఎక్కడో జారిపోయింది. మీ అమ్మ ఇచ్చిన నీలం కప్పు కూడా పోయింది, చేతిలోంచి జారింది. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మార్లిస్


నాజరెత్
జూన్ 9

వదినా,

బళ్ళు మూసేశారు, బస్సు షెడ్డులో పెట్టేశాను. ఇక వారానికి మూడుసార్లు క్వారీకి వెళ్తున్నాను. దగ్గరికెళ్ళి తీస్తున్నాను. మొన్నొక చేప అద్దాన్ని ముద్దుపెట్టుకుంది.

చిన్న సందేహం. కాదు, పెద్దదే. రింగు చేతిలో తిప్పుతుంటే ఒకచోట ఏదో గీసుకుంటున్నట్టుంది. మళ్ళీ తిప్పితే లేదనిపిస్తోంది. మళ్ళీ తిప్పితే ఉందనిపిస్తోంది. నిజంగా గాటు పడిందో, నా భయమే వేలికి తగులుతోందో తేల్చుకోలేకపోతున్నాను. నా వేళ్ళని నేను నమ్మను. నీ వేళ్ళని నమ్ముతాను. అప్పట్లో గట్టు మీద కూర్చుని నువ్వు కళ్ళు మూసుకుని రింగు లాగి, "ఇదిగో, కుక్క వెంట్రుక" అని తీసి చూపించేదానివి. ఎవరికీ కనపడనిది నీకు తగిలేది.

రింగు ఈ కవర్లోనే పెట్టాను, మెత్తటి గుడ్డలో చుట్టి. కళ్ళు మూసుకుని చూసి చెప్పు. అందాకా దిగను.

ఫ్రీడా


రివేరా బీచ్
జూన్ 19

ఫ్రీడా,

రింగు చూశాను. కళ్ళు మూసుకునే చూశాను. మూడు చుట్లు.

శుభ్రంగా ఉంది. గాటూ లేదు, గీటూ లేదు. నీ భయమే గాటు. తిరిగి ఈ కవర్లోనే పెట్టాను, వేసుకుని దిగు.

మార్లిస్


నాజరెత్
జూన్ 28

వదినా,

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నువ్వు బాగుందన్నావు కదా అని రింగు వేశాను. నీ మాట మీద నమ్మకం లేక కాదు, అలవాటు కొద్దీ మళ్ళీ టిష్యూ పెట్టి దించాను, కెమెరా లేకుండా. బస్సు దగ్గరికి చేరేసరికి లోపల కాగితం జావ అయిపోయింది.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. గాటు ఉంది వదినా. బియ్యపు గింజలో సగం ఉంటుంది. మా పక్కింటి హిల్డగార్డుకి ఎనభై ఒక్కేళ్ళు, వేళ్ళన్నీ కీళ్ళవాతంతో వంకర తిరిగిపోయాయి. ఏమీ చెప్పకుండా ఆవిడ చేతిలో పెట్టి తిప్పి చూడమన్నాను. "ఇక్కడేదో గీరుకుంటోందే అమ్మాయ్, ఏమిటిది, జాడీ మూతదా?" అంది.

ఆవిడకి తగిలింది. నీకు తగల్లేదు.

బస్సు తిప్పడం అయ్యాక నేను చివరి సీటు దాకా నడుస్తాను, నీకు తెలుసు. ప్రతి సీటు కిందా వంగి చూస్తాను. మొన్న సాయంత్రం నీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరిచి అలాగే నడిచాను. ఇరవై రెండేళ్ళు మునగని కెమెరా మూడు నెలల్లో రెండుసార్లు మునిగింది. తొడుగు వేసుకోని మనిషికి పెద్ద మీటలు కావలసి వచ్చాయి. పెన్ను జారింది. అమ్మ కప్పు జారింది. అక్షరాలు ఒక్కో ఉత్తరానికీ పెద్దవవుతున్నాయి, ఒకటో తరగతి పిల్ల రాసినట్టు.

నీ వేళ్ళకి ఏమయింది? ఎప్పటి నుంచి?

ఫ్రీడా


రివేరా బీచ్
జులై 8

ఫ్రీడా,

టైపు చేశానని గంతులెయ్యకు. తొందరగా అవుతుందని చేశాను.

రింగు పోస్టులో నలిగి ఉంటుంది. నీ దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు పడ్డ గాటుకి నన్నా అడుగుతావు? నేను మూడువేలసార్లు దిగాను, నువ్వు అరవైసార్లు దిగావు. ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారు? నా చేతులు బాగున్నాయి. నేను తిన్నగానే నడుస్తున్నాను. అతిథులని రోజూ దించుతున్నాను, పైకి తెస్తున్నాను, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక కప్పులు జారవా? నీకు జారలేదా?

ఆగస్టు 24న, నేను పనిచేసే టాబర్ పడవలో మనిద్దరికీ చోటు రాయించాను. చేపలు అప్పటికి వస్తాయి. ఆ రెండు మూడు వారాలే ఉంటాయి, మళ్ళీ ఏడాది దాకా లేవు. వస్తే రా, లేకపోతే మానెయ్యి.

అన్నయ్యకి ఒక్క ముక్క చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు.

మార్లిస్


నాజరెత్
జులై 17

వదినా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. నేను వేళ్ళ గురించి అడిగాను. నడక గురించి అడగలేదు. "తిన్నగానే నడుస్తున్నాను" అని నువ్వే రాశావు. అది చదివాక నేను అన్నం తినలేదు.

నాకు చదువు తక్కువే గానీ, దిగడం నేర్పినప్పుడు చెప్పిన పాఠం గుర్తుంది. లోతు నుంచి తొందరగా పైకొస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాల్లో ఇరుక్కుంటుంది. బెండ్స్ అన్నారు. వేళ్ళు మొద్దుబారతాయి, కాళ్ళు తడబడతాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్తే పీడనం పెట్టే గదిలో ఉంచి బాగుచేస్తారు. దాచుకుని మళ్ళీ దిగితే కాళ్ళే పోవచ్చు. ఇదంతా చెప్పిన మాస్టారు చివర్లో ఇంకో మాట అన్నాడు. "దీన్ని దాచేది కొత్తవాళ్ళు కాదు. పాతవాళ్ళు. వాళ్ళకి సిగ్గెక్కువ."

నేనూ ఒకటి దాచాను. చెబుతాను, విను. పదకొండేళ్ళ కిందట జనవరిలో ఒకరోజు తలనొప్పిగా ఉండి, బస్సు షెడ్డులో పెట్టి చివరి సీటు దాకా నడవకుండా దిగిపోయాను. ఇంటికెళ్ళి టీ పెట్టుకున్నాను. వెనక సీట్లో ఐదేళ్ళ పాప నిద్రపోయి ఉంది. షెడ్డు ఊడ్చేవాడికి కనపడింది నలభై నిమిషాల తరవాత. పాపకి ఏమీ కాలేదు, దేవుడి దయ. పేరు టెస్. ఇప్పుడు హైస్కూల్లో ఉంది, దారిలో కనపడితే చెయ్యి ఊపుతుంది. అంతకు ముందు ఊరికే పిరికిదాన్ని, ఆ రోజు నుంచీ భయాల పుట్టని. నువ్వు వెక్కిరించే నా భయమంతా ఆ నలభై నిమిషాలే. ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యకి కూడా.

అందుకని ఇప్పుడు తిన్నగా చెబుతున్నాను. నీ జోడీగా నేను దిగను. దిగేముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూస్తాం కదా. నా గాలి గొట్టం సరిగ్గా బిగిసిందో లేదో నీ వేళ్ళు చెప్పాలి. అవి నాతో ఒకసారి అబద్ధం చెప్పాయి. రోజూ నువ్వు దించే ఆ అతిథులకి కూడా అవే చెబుతున్నాయి. తొంభై అడుగుల దగ్గర నీ కాళ్ళు పడిపోతే నిన్ను పైకి తేగలిగే బలం నాకు లేదు.

అన్నయ్య ఆగస్టు ఐదున టగ్గు దిగుతాడు. ఆ లోపు నువ్వే చెప్పు. చెప్పకపోతే ఆరున నేను ఫోన్ చేస్తాను. నాతో మాటలు మానేస్తే మానెయ్యి. కాళ్ళున్న వదిన మాట్లాడకపోయినా నాకు ఫరవాలేదు.

ఫ్రీడా


రివేరా బీచ్
జులై 27

ఫ్రీడా,

మార్చి 11.

నూరు అడుగుల దగ్గర ఉన్నాం. అతిథులిద్దరూ ముందే పైకి వెళ్ళిపోయారు, నేను చివర. మచ్చల టేకుచేప ఒకటి రెక్కలు చాచి నా తల మీదుగా వెళ్ళింది, గది వెడల్పు ఉంటుంది. కింది నుంచి చూస్తే వెనకాల సూర్యుడు. అలాంటి ఫోటో కోసం ఇరవై రెండేళ్ళు చూశాను. అది పైకి పోతోంది. నేను నీకు ఏం రాశాను? పైకి పోయే చేప వెంట పోకు అన్నాను కదా? వెళ్ళాను. కంటికి కెమెరా పెట్టుకుని, ఎంత పైకి వచ్చానో చూడకుండా వెళ్ళాను. తొందరగా పైకొస్తున్నావని చేతి గడియారం కీచుమంటూనే ఉంది, వినిపించింది కూడా. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకున్నాను. కెమెరా దించేసరికి పడవ అడుగు నెత్తి మీద ఉంది.

నాలుగు ఫోటోలు వచ్చాయి. మంచివే. ఎవరికీ చూపించలేదు.

పడవ ఒడ్డు చేరేసరికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. టాబర్ అడిగితే చెయ్యి నలిగేలా పడుకున్నానని చెప్పాను. మధ్యాహ్నం మూడింటికి నేనెప్పుడు పడుకున్నానో అతను అడగలేదు. మాత్ర వేసుకున్నాను. పొద్దున్నకి తగ్గుతుందనుకున్నాను, వారానికి తగ్గుతుందనుకున్నాను. ఇప్పుడు ఎడమపాదం కూడా మెట్టు ఎక్కడుందో వెంటనే చెప్పడం లేదు.

ఎందుకు వెళ్ళలేదంటావు. ఎంతమందికి నేర్పాను! "తొందరపడకండి, మీ బుడగల కన్నా నెమ్మదిగా పైకి రండి" అని ముప్ఫై ఏళ్ళు అరిచాను. నాకే తగిలిందని ఏ మొహంతో చెప్పను? చెప్పిన రోజునే నన్ను దిగనివ్వరు. దిగకపోతే నేనెవరిని ఫ్రీడా? మీ అన్నయ్య పెళ్ళాన్ని, అంతేనా?

నీ రింగు వచ్చిన రోజు కళ్ళు మూసుకుని మూడు చుట్లు లాగానని రాశాను. అబద్ధం. పదిహేను చుట్లు లాగాను. ఏదో ఒకటి తగలకపోతుందా అని. గాజు మీద గాజు రాసినట్టుంది. ఏడ్చాను. తరవాత నీకు శుభ్రంగా ఉందని రాశాను. నువ్వు దాన్ని నమ్మి కెమెరా పెట్టి ఉంటే? దాని సంగతి సరే, రేపు నీ గాలి గొట్టం సంగతి? అది ఆలోచించకుండానే పోస్టు చేశాను.

టెస్ గురించి ఎవరికీ చెప్పను.

కానీ ఆ చేపలని ఒక్కసారి చూడాలని ఉంది. ఒక్కసారి, నెమ్మదిగా దిగి నెమ్మదిగా వస్తాను. ఆ తరవాత డాక్టరు ఏం చెప్పినా వింటాను. ఇది తప్పా?

మార్లిస్


నాజరెత్
ఆగస్టు 2

వదినా,

తప్పే.

టేకుచేప దగ్గర కూడా ఇంకొక్కటి అనుకున్నావు.

వేళ్ళు పోయాయి, పోనీ. నేను అడిగేది కాళ్ళ గురించి. ఈ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవగలిగితే, లేచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళు.

ఫ్రీడా


రివేరా బీచ్
ఆగస్టు 15

ఫ్రీడా,

చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు నీ బస్సంత ఉన్నాయి, సర్దుకో.

నీ ఉత్తరం ఐదున పొద్దున వచ్చింది, చదివి నేను తిన్నగా ఆసుపత్రికి వెళ్ళలేదు. నిజం చెప్పుకుంటే మంచిది. టాబర్ దగ్గరికి వెళ్ళాను, ఇరవై నాలుగో తేదీ సంగతి ఖాయం చేసుకోవడానికి. అతను ఏటేటా ఇచ్చే కాగితం చేతిలో పెట్టాడు. నీకు జబ్బులేమైనా ఉన్నాయా అని పదకొండు ప్రశ్నలు. పద్నాలుగేళ్ళుగా నేను దాన్ని చదివింది లేదు. "లేదు" అన్న గళ్ళన్నిటి మీదా పైనుంచి కిందికి ఒక్క గీత లాగి సంతకం పెట్టేదాన్ని. ఈసారి పెన్ను తిన్నగా పోదు కదా, గీత వంకర పోయింది. అందుకని ఒక్కో గడిలో ఒక్కో గుర్తు పెట్టాల్సి వచ్చింది. గుర్తు పెట్టాలంటే చదవాలి.

నాలుగో ప్రశ్న: "ఒంట్లో ఎక్కడైనా తిమ్మిరి గానీ స్పర్శ తెలియకపోవడం గానీ ఉందా?"

ఆగిపోయాను. టాబర్ అటు తాళ్ళు చుడుతూ, "ఏంటి మార్లిస్, పెన్ను రాయట్లేదా?" అన్నాడు.

"రాస్తోంది. నేనే రాయట్లేదు."

అతను తాడు కింద పడేసి వచ్చాడు. కాగితం చూశాడు, నా చెయ్యి చూశాడు. "చెయ్యి నలిగేలా పడుకున్నానన్నావే, ఆ రోజా?" అన్నాడు. తలూపాను. "నేను అడగకుండా ఊరుకున్నాను చూడు, నన్ను తన్నాలి" అన్నాడు. అతనే తన బండి తీసి ఆసుపత్రిలో దింపాడు. దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు విని ప్రాణం తేలికపడింది.

డాక్టరు నీ ఈడుది. వెన్నులో నరం దెబ్బతిందంది. ఆ రోజే వచ్చి ఉంటే సగం పైగా బాగయ్యేదట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావమ్మా అంది, నిజంగానే నా చేతులు పట్టుకుని. పీడనం పెట్టే గదిలో ఆరు రోజులు కూర్చోబెట్టారు. కాలు కొంచెం నయం. వేళ్ళు రావంది. ఇక దిగకూడదు, వంతెన కింద పదిహేను అడుగులకి కూడా. ఎన్నాళ్ళు అని అడిగాను. "ఎన్నాళ్ళేమిటి?" అంది.

మీ అన్నయ్యకి ఆ ఐదో తేదీ రాత్రే చెప్పాను, అతను ఇంట్లో అడుగుపెట్టగానే. అరుస్తాడనుకున్నాను. టగ్గు నుంచి తెచ్చిన బట్టలు మెషీన్లో వేసి, సబ్బు వెయ్యకుండానే తిప్పేసి, దాని ముందు నిలబడిపోయాడు. కప్పు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

ఇప్పుడు నీ సంగతి. టికెట్టు రద్దు చెయ్యకు. చేపలు వచ్చేశాయి, నిన్న టాబర్ పదిహేడు లెక్కపెట్టాడు. అతని పడవలో ఓపల్ అని ఒకామె ఉంది, అతిథులని దించుతుంది. నీకన్నా పిరికిది, ప్రతిదీ రెండుసార్లు తడుముతుంది. ఆమె జోడీగా దిగు. రింగు నువ్వే చూసుకో. నీ వేళ్ళు మొదట్నుంచీ సరిగ్గానే చెప్పాయి. దగ్గరికెళ్ళు, వెంటపడకు, పైకి పోయేది పైకి పోనీ.

నేను పడవ మీద ఉంటాను. నలభై నిమిషాలు. దాని గురించే నిన్నటి నుంచీ నాకు చెమటలు పడుతున్నాయి. ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడూ కిందే ఉన్నాను ఫ్రీడా, పైన కూర్చుని ఎవరి కోసమూ చూసింది లేదు. నువ్వు ఇరవై ఏళ్ళు గట్టు మీద కూర్చున్నావు, నేను నవ్వాను. మా బుడగలు కాసేపు కనపడకపోతే ఏం చేసేదానివి? ఎంత వరకు లెక్కపెట్టేదానివి? చేతులు ఎక్కడ పెట్టుకునేదానివి?

అన్నీ విడివిడిగా రాయి. ఫోన్లో వద్దు, కాగితం మీదే కావాలి. పదిసార్లు చదువుకోవాలి.

నీ వదిన,
మార్లిస్